నీలం పోగు

ఆ రోజు తెల్లవారేసరికి మా నెత్తిన ఒక్క మబ్బు తునక లేదు. పడమట కొండల మీద మాత్రం ఆకాశం ముర్రా గేదె వీపులా నల్లగా నిగనిగలాడుతోంది. అందులో మెరుపులు మెరుస్తున్నాయి. ఉరుము వినపడటం లేదు. అంత దూరాన కురుస్తోందన్నమాట. అక్కడ కురిసిన నీళ్లు మా వాగులోకి దిగడానికి నాలుగు గంటలు పడుతుంది. ఒక్కోసారి అయిదు.

నేను కొట్టంలో నిలబడి ఆ నలుపునే చూస్తున్నాను. మా ఆవిడ పేరమ్మ చెంబు పట్టుకుని గేదె పక్కన గొంతుకూర్చుని ఉంది. గేదె చేపడం లేదు. దూడ అరిచి, వచ్చి పొదుగు కుమ్మితేనే గేదెకు పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటాం. మా దూడ అరవదు. పుట్టి పదకొండు రోజులైంది. తల్లికి దూరంగా కట్టేస్తే పలుపు కూడా గుంజదు. కట్టినచోటే నిలబడి ఈగల్ని చూస్తుంటుంది.

"మీ డాక్టరమ్మనడుగు. దీనికి నోరు పెట్టడం మర్చిపోయిందేమో" అంది పేరమ్మ.

"నోరుంది. గడ్డి కొరుకుతుందిగా."

"నీకూ ఉందిలే నోరు. ఏం లాభం?"

అంతలో పేరమ్మ తమ్ముడు అంకయ్య వచ్చాడు. చంకలో కర్ర, తలకు ఎర్ర తుండుగుడ్డ. నేను పనిచేసే పశు పరిశోధన క్షేత్రంలోనే అతనూ కాపరి.

"ఏం బావా, మా అక్క టీ పోసిందా, చీవాట్లు పెట్టిందా?"

"రెండూ."

"అయితే కడుపు నిండినట్టే. లెగువక్కా, చెంబిట్టా ఇయ్యి."

పేరమ్మ లేచింది. అంకయ్య గేదె పక్కన కూర్చుని, దాని పొదుగు మీద కుడిచెయ్యి వేసి, గొంతులోంచి ఒక అరుపు అరిచాడు. అచ్చం పదిరోజుల దూడ అరుపు. గేదె చెవులు కదిలాయి. ఒళ్లు వదులైంది. చెంబులో పాలధార చప్పుడు వినిపించింది.

"ఉత్త మోసం" అని నవ్వింది పేరమ్మ.

"మోసం కాదక్కా. దూడకు రాని మాట నేను చెబుతుండా, అంతే."

అంకయ్య చేతికి చేపని గేదె మా చుట్టుపక్కల లేదు. ఆ కుడి బొటనవేలి కణుపు మీద చింతపిక్కంత కాయ ఉండేది. క్షేత్రంలో పూటకు పద్నాలుగు తల్లి గేదెల్ని పితికేవాడు.

*

మా క్షేత్రంలో పెంచేది మాంసపు గేదెల్ని. ఏ దున్నను ఏ గేదెతో కలిపితే తక్కువ మేతతో ఎక్కువ కండ పట్టే దూడ పుడుతుందో చూడటం మా పని. మూడు సంకరాలు మిగిలాయి. ముర్రా దున్నకూ మా నాటు గేదెకూ పుట్టినవాటికి చెవికి పసుపు పోగు. జాఫరాబాదీ దున్నకు పుట్టినవాటికి ఎరుపు. మూడోవి నీలం. అవి డాక్టర్ సౌదామిని గారివి.

ఆమె క్షేత్రానికి వచ్చిన మొదటిరోజు నేను కొట్టం అరుగు మీద పలుపు పేనుతున్నాను. ఆమె ఆ తాడు చేతిలోకి తీసుకుంది.

"ప్రతి జీవి లోపలా ఇలాంటి తాడే ఉంటుంది మాలకొండయ్య గారూ. ముర్రా, నాటు కలిపిన తాడులోంచి నేను ఒక్క పోగు లాగేస్తాను. బెదురు పోగు."

ఒక పోగు లాగితే పురి నిలుస్తుందా అమ్మా అని అడగాలనిపించింది. అడగలేదు.

తొమ్మిదేళ్లకు నీలాలు తయారయ్యాయి. వాటి పక్కన పటాకా పేల్చినా నెమరు ఆగదు. పసుపువి తెంచుకుని గోడకు గుద్దుకుంటాయి. ఒకే మేత మీద రెండేళ్లకు పసుపుది మూడువందల నలభై కిలోలు తూగితే నీలానిది నాలుగువందల పది. "బెదురు కూడా మేత తింటుంది మాలకొండయ్య గారూ. దానికి పెట్టేది మిగిలింది" అని నవ్వింది ఆమె.

మాంసం పరీక్షకు కోసేది ఖాసిం. బెదిరిన గొడ్డు మాంసం నల్లబడి జిగురులా కత్తికి అంటుతుందని మాకందరికీ తెలుసు. నీలందాన్ని మొదటిసారి కోసినరోజు అతను ఒక ముక్క వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. గులాబీ రంగులో, తడితడిగా ఉంది.

"పాతికేళ్ల నుంచి కోస్తుండా అన్నా. ఇట్టాంటిది చూళ్లా" అన్నాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ, మెల్లగా అన్నాడు. "తలుపు తీస్తే అదే నడిచొచ్చి నిలబడిందన్నా. నా చేతిలో కత్తిని వాసన చూసింది. కాసేపు నాకు చెయ్యి ఆడలా."

నేను చూసింది ఇంకొకటి ఉంది. రెండు వారాల కిందట దోమలకు పొగ వేశాం. ఒక నీలం పడ్డ, ఇంకా ఈనని గేదె, వచ్చి ఆ పొగకుప్ప మీదే పడుకుంది. తోలు కాలిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. నేను పోయేసరికి దాని డొక్క వణుకుతోంది. నొప్పి ఉంది. లేచి పోవాలని మాత్రం దానికి తోచలేదు. నెమరు వేస్తూ నా వంక చూసింది. నేనే ముక్కుతాడు పట్టి లేపి, కాలినచోట వేపనూనె రాశాను.

గొడ్డుకు మార్కులు వేసే కాగితం నా దగ్గర ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా మేస్త్రీని కనుక, కమిటీకి పోయే కాగితాల్లో ఒకటి నాది. అందులో 'బెదురు లేకుండుట, పదికి' అని ఒక గడి ఉంది. నిప్పు మీద పడుకుంటే ఎన్ని మార్కులో గడి లేదు. నేను పదికి పది వేసి సంతకం పెట్టాను. పొగకుప్ప సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ వారమే, మా గేదెకు నీలం వీర్యం సూది వేయిస్తే కట్టిన దూడ ఇంట్లో పుట్టింది. ఊళ్లో అదే మొదటిది.

పడమట మెరుపులు చూసిన ఆ రోజే పది గంటలకు కమిటీ వస్తుంది. మూడింటిలో ఒకదాన్ని ఎంచుతారు. నీలమే అని అందరికీ తెలుసు. ఎంచిన మర్నాటి నుంచి ఆ వీర్యం గొట్టాలు జిల్లాలోని ప్రతి ఊరికీ పోతాయి. ఒకసారి ఊళ్లలో గేదెలు చూలు కట్టాక వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. రైతులు మాలకొండయ్య ఏమన్నాడని అడుగుతారు. ఇవాళైనా చెప్పాలి అనుకుంటూ వాగు దారి పట్టాను.

*

గొడ్లు వాగు మధ్య లంకలో ఉన్నాయి. తెల్లవారుజామున మేతకు తోలినవి. రంగుకు పన్నెండు, మొత్తం ముప్పై ఆరు. కమిటీ వచ్చేలోగా వాటిని కడిగి దొడ్లో నిలబెట్టాలి. వాగులో నీళ్లు మోకాటి లోతున్నాయి. డాక్టరమ్మ జీపు దిగి గట్టు మీద నా పక్కన నిలబడింది. చేతిలో మా మార్కుల కాగితాల కట్ట.

"ఏం మాలకొండయ్య గారూ, దిగులుగా ఉన్నారు?"

"పడమట కురిసిందమ్మా."

"ఇక్కడ ఎండ కాస్తోందిగా."

అంకయ్య అప్పటికే నీళ్లు దాటి లంక ఎక్కాడు. నేను పొగకుప్ప మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకుంటున్నాను. అప్పుడు పసుపు గేదెలు తలలెత్తాయి. పన్నెండూ ఒక్కసారే. చెవులన్నీ పడమటికి తిరిగాయి. కర్ర చూపకుండానే నీళ్లలో దూకి మా గట్టుకు పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక ఎరుపువి. అవి మమ్మల్ని రాసుకుంటూ పైకి పోయాక నాకు చప్పుడు వినిపించింది. వంద ఎడ్లబండ్లు వంతెన మీద పోతున్నట్టు.

నీలాలు మేస్తూనే ఉన్నాయి.

"అంకా! వచ్చెయ్ రా!"

"నీలాలు రాలా బావా! వదిలేసి వస్తే డాక్టరమ్మ ఏడుస్తది!"

"వాటిని వదిలేసి రండి అంకయ్యా!" అని ఆమె కూడా అరిచింది.

అతను వినలేదు. కర్రతో ఒకదాని పిర్ర మీద కొట్టాడు. అది తిరిగి అతని ముఖం చూసింది. ఇంకోటి కొట్టాడు. కర్రంటే బెదురుండాలి కదా కదలడానికి. నీలాల్ని మేము తవుడు బకెట్టు చూపించి నడిపిస్తాం. ఆ రోజు బకెట్టు దొడ్లో ఉంది.

ఎర్రటి నీళ్లు లంక తల మీదికి ఎక్కాయి. నీలాలు ఒక్కొక్కటే తేలాయి. అంకయ్య నడుం దాకా మునిగాడు. కాలు జారింది. తల ఒకసారి మునిగి లేచింది.

మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు నేర్పిన మాట అది. వాగు పొంగితే ఈదకు, గేదె తోక పట్టుకో, గట్టు సంగతి అది చూసుకుంటుంది. మా వైపు వాగు దాటిన ప్రతి మనిషికీ ఆ మాట తెలుసు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"తోక పట్టుకో! అంకా, తోక పట్టుకో!"

అతను పట్టుకున్నాడు. నీళ్లు జోరుగా ఉన్నప్పుడు మేము చేసినట్టే, తలగుడ్డ లాగి మణికట్టును తోకకు కలిపి చుట్టి, పళ్లతో ముడి బిగించాడు. గేదె ఈ పక్కకు తిరిగింది. దాని చెవి పోగు కనపడ్డాక గానీ నేనేం అరిచానో నాకు తెలియలేదు.

నీలం.

"ఎందుకు గట్టుకు రావడం లేదు?" అంది డాక్టరమ్మ. "ఈదగలదు కదా. ఎందుకు రావడం లేదు?"

"గేదెకి నీళ్లు హాయమ్మా. గట్టుకు ఎందుకొస్తుంది? బెదిరితేనే గట్టు."

ఆమె చేతిలోని కాగితాలు బురదలో పడ్డాయి. ఆమె వంగలేదు.

"తోక వదిలెయ్ రా! వదిలెయ్!" అని నేను గట్టు వెంబడి పరుగెత్తాను. వినపడి ఉండదు. వినపడినా తడిసిన ముడి విప్పుకోలేడు. పన్నెండు నల్లటి తలలు, వాటి మధ్య ఒక మనిషి తల, ఏ తొందరా లేకుండా వంపు తిరిగి పోయాయి.

*

జీపులో వెతికాం. డాక్టరమ్మే నడిపింది. గట్టు దారి తెగినచోట దిగి నడిచాం. పొలాల్లో ఉన్నవాళ్లను అడిగాం. గేదెలు తేలుకుంటూ పోయాయన్నారు. మనిషిని చూడలేదన్నారు. ఎండ నెత్తి మీద నుంచి పడమటికి వాలింది. మధ్యలో ఆమె ఒక్కసారే మాట్లాడింది.

"మీకు తెలుసా? వీటి సంగతి మీకు ముందే ఏమైనా తెలుసా?"

"కొంచెం తెలుసమ్మా."

ఆమె గేరు మార్చింది.

నాలుగు దాటాక చెక్ డ్యాము అవతల ఒడ్డున, గుర్రపుడెక్క దట్టంగా పేరుకున్న మూలలో ఒక నల్లటి వీపు కనపడింది. గొంతు లోతు నీళ్లలో నిలబడి గుర్రపుడెక్క మేస్తోంది. దాని పిర్ర మీద చెంప ఆనించి అంకయ్య ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు తెల్లబడ్డాయి.

నేను ఈదుకుంటూ పోయి మొలలోని కొడవలితో తుండుగుడ్డ కోశాను. ముడి నీళ్లకు బిగిసి మాంసంలోకి దిగిపోయింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి అట్లాగే ఉంది. మణికట్టు కింద చెయ్యి నేరేడుపండు రంగులో ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

"బావా" అన్నాడు. "నాలుగుసార్లు గట్టు పక్కకే వచ్చింది బావా. చెయ్యి చాపితే అందేంత. మళ్లీ పాయలోకి పోయింది."

"మాట్లాడమాక."

"అది మంచిదే బావా. నన్ను తన్నలా, విదిలించలా. యాడికి పోవాలో దానికి తెలవలా, అంతే."

గేదె మెడ తిప్పి నా చేతిలోని కొడవలిని వాసన చూసింది. మళ్లీ మేతకు తిరిగింది.

*

మూడో రోజు పట్నం ఆస్పత్రిలో అంకయ్య కుడిచేతిని మణికట్టు దగ్గర తీసేశారు. బయట బల్ల మీద పేరమ్మ, నేను కూర్చున్నాం.

"తోక పట్టుకోమని అరిచింది నేనే" అన్నాను.

"ఎవరైనా అట్నే అరుస్తారు."

పేరమ్మ నా వైపు తిరిగింది. "వాటికి గట్టు తెలవదని నీకు ముందే తెలుసా?"

"ఇంతదాకా తెలవదు. ఒకటి నిప్పు మీద పడుకుంటే చూశా."

"ఎవరికన్నా చెప్పావా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కొంగు సర్దుకుని బల్ల అవతలి చివరకు జరిగింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

వాయిదా పడ్డ కమిటీ అయిదో రోజు కూర్చుంది. పన్నెండు నీలాలూ దొరికాయి. ఒక్కదానికీ దెబ్బ లేదు. పరుగులో పసుపువి రెండు కాళ్లు విరగ్గొట్టుకున్నాయి.

"చూశారా, వరదలో కూడా కంగారు లేదు కాబట్టే బతికాయి" అన్నాడు డైరెక్టరు. "కాపరి సంగతి ప్రమాదం. ఆ కుటుంబాన్ని చూద్దాం. మాలకొండయ్యా, నీ కాగితం ఒక్కటే రావాలి. పాతది బురదలో పోయిందిగా. మళ్లీ రాసివ్వు. ఊళ్లవాళ్లు నీ మాట వింటారు."

నేను బల్ల అంచున కాగితం పెట్టుకున్నాను. 'బెదురు లేకుండుట' అన్న గడి కొట్టేశాను. దాని పక్కన, చోటు చాలకపోతే మార్జిన్లోకి పోయి, రాశాను. 'దీని తోక పట్టుకోకూడదు.'

డైరెక్టరు చదివి నవ్వాడు. "తోకకు గడి ఎక్కడుందయ్యా? మనం పెంచేది మాంసానికి, తోకకు కాదు."

"నిప్పు మీద పడుకుంటదయ్యా. దూడ తల్లిని పిలవదు. మా ఇంట్లో ఉంది, వచ్చి చూడండి. మందలో ఇదే నిండితే వాన వచ్చేది మాకెవరు చెబుతారు? గట్టెక్కడుందో ఎవరు చెబుతారు?"

నేను ఆ గదిలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గొంతు తగ్గించి, "ఒక్కడి కాగితంతో ఆగదు మాలకొండయ్యా. గొట్టాలు సిద్ధంగా ఉన్నాయి. రేపు బండ్లు ఎక్కుతాయి" అన్నాడు.

డాక్టరమ్మ చెయ్యి చాచి నా కాగితం తీసుకుంది. నా సంతకం కింద తన సంతకం పెట్టింది. లేచి బయటికి నడిచింది. నేను వెనకే పోయాను.

చల్లగదిలో నీలాల వీర్యం దాచిన నీలం మూత క్యాను ఒకటే ఉంది. ఆ వీర్యమిచ్చిన దున్న చచ్చిపోయింది, మిగిలిన పన్నెండూ ఆడవే కనుక ప్రపంచం మొత్తానికి అదొక్కటే. ఆమె మూత తీసింది. తెల్లటి పొగ అంచు దాటి నేల మీదికి పారింది. గొట్టాల గిన్నెలు ఒక్కొక్కటే పైకి లాగి కిటికీ పక్కన, ఎండ పడేచోట బల్ల మీద పరిచింది. గొట్టాల మీది మంచు నీరవుతోంది. అవి పాడవడానికి అయిదు నిమిషాలు చాలని మా ఇద్దరికీ తెలుసు.

"వాళ్లను పిలుస్తారా?" అంది, నా వైపు చూడకుండా.

"లేదమ్మా."

బల్ల మీంచి నీటిబొట్లు కిందికి జారుతున్నాయి. నేను అన్నాను. "పొగకుప్ప మీద పడుకున్నరోజే మీకు చెప్పాల్సింది."

"చెప్పుంటే వినేదాన్నా?"

"తెలవదమ్మా. చెప్పలేదుగా."

ఆమె స్టూలు మీద కూర్చుంది. అయిదు నిమిషాలూ, ఆపైన ఇంకో పదీ, ఇద్దరం ఆ బల్లనే చూస్తూ ఉండిపోయాం. తర్వాత ఆమె ఖాళీ క్యానుకు మళ్లీ మూత పెట్టింది, అలవాటు కొద్దీ.

*

ఆ మర్నాడు మధ్యాహ్నం అంకయ్యను ఇంటికి తెచ్చాం. డాక్టరమ్మ జీపులోనే తెచ్చింది. ఆమెను ఉద్యోగంలోంచి ఆపేశారు. సంజాయిషీ అడిగారట. వాకిట్లో దించి, వెళ్లొస్తానంది. పేరమ్మ గడపలో నిలబడి ఆమెను చాలాసేపు చూసింది.

"అన్నం వండా. తిని పో" అంది.

పేరమ్మ నాలుగు కంచాలు పెట్టింది. అన్నం, గోంగూర పప్పు, మజ్జిగ. అంకయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కంచం వంక చూస్తున్నాడు. ఎడమచెయ్యి లేచింది, కంచం అంచు దాకా పోయింది, మళ్లీ మోకాలి మీదికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ చేత్తో అన్నం ముట్టలేదు కదా.

నేను నా కంచం పక్కకు జరిపి అతని ఎదురుగా కూర్చున్నాను. అన్నంలో పప్పు కలిపాను. ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టాను. ఇంకో రోజైతే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు. నా కళ్లలోకి చూశాడు. నోరు తెరిచాడు.

పేరమ్మ చూసింది. తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. డాక్టరమ్మ తల వంచుకుని తింటోంది.

కొట్టంలో గేదె దూడ కోసం ఒకసారి అరిచింది. దూడ పలకలేదు. అంకయ్య అటు తలెత్తాడు. నోటినిండా ముద్ద ఉంది. నేను ఇంకో ముద్ద కలిపాను.